మెరవని బంగారం

వేలానికి ముందు రెండు మూడు రోజులు నాణేలు చూపిస్తారు. పొడుగాటి బల్లలు, ఒక్కో కుర్చీ ముందు ఒక దీపం, ఒక నల్లటి మెత్తటి గుడ్డ. మనకు కావలసిన లాట్ నంబర్లు రాసిస్తే పెట్టెలో పెట్టి తెచ్చి ముందుంచుతారు. అమెరికాలో అలాంటి హాల్లో మొదటిసారి కూర్చున్న రోజు నా పక్కన మాస్టారు ఉన్నారు. ఆయన నాకు బడిలో పాఠం చెప్పినవారు కాదు. లోహశాస్త్రం చదువుకుని, ఇక్కడే కార్ఖానాలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన. మేమందరం అలాగే పిలుస్తాం.

పెట్టెలోంచి తీసి నా ముందు పెట్టింది 1908 నాటి ఈగిల్ అనే 10 డాలర్ల బంగారు నాణెం, మాట్ ప్రూఫ్, అంటే మెరుపు లేకుండా గరుకుగా, ప్రత్యేకంగా చేసినది. చూడగానే నాకు నచ్చలేదు. బంగారం అంటే నా కంటికి అలవాటైన రంగు కాదది. తడి ఇసుకలో కాస్త పసుపు కలిపినట్టు, ఖాకీకి దగ్గరగా ఉంది. మెరుపన్నదే లేదు. ఎవరో ఆవిరి పట్టించి వదిలేసినట్టుంది. నా మొహం చూసి మాస్టారికి అర్థమైంది.

"దీపం నెత్తి మీద పెట్టుకుని చూస్తే ఏం కనపడుతుందోయ్? పక్కకి లాగు. బల్లకి దగ్గరగా దించు. ఇప్పుడు నాణేన్ని కాదు, దీపాన్ని కదుపు, మెల్లిగా."

దించాను. వెలుగు అడ్డంగా పడేసరికి నాణెం మీది లిబర్టీ (స్వేచ్ఛకి ప్రతీకగా చెక్కిన స్త్రీ) తలమీది ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా లేచాయి. చెంప నుంచి దవడ దాకా ఉన్న వంపు మీద నీడ ఎక్కడా తెగకుండా జారింది. భూతద్దం పెట్టాక ఇంకో సంగతి. మసకగా ఉందనుకున్న ఆ పైభాగమంతా కంటికి ఆనని చిన్న చిన్న పలకలు. దీపం కదిలితే ఒక చోట ఆరి, పక్కన వెలిగి, నాణెమంతా సన్నగా మినుకుమంటోంది. నేను ఎంతసేపు అలా ఉండిపోయానంటే, నా వెనక వరసలో ఉన్నాయన వచ్చి మర్యాదగా, "మీదైపోయిందా అండీ?" అన్నట్టు చూశాడు.

ఆ రోజు నుంచి పదకొండేళ్ళు ఈ ఒక్క రకం నాణేల వెంట తిరుగుతున్నాను. నా దగ్గర ఉన్నది ఒక్కటే. అయినా వీటి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలనుంది: ఈ నాణేలకి ఫినిష్ అనేది పైన వేసిన అలంకారం కాదు, శిల్పంలో భాగం. దాన్ని అద్దం మెరుపుల కొలతతో కొలిచి 1908లో సేకర్తలు తప్పు చేశారు. స్లాబ్ (గ్రేడింగ్ సంస్థ నాణేన్ని మూసిచ్చే ప్లాస్టిక్ పెట్టె) మీది నాణ్యత అంకె చూసి కొంటూ మనం మళ్ళీ ఆ తప్పే చేస్తున్నాం.

ప్రూఫ్ అంటే నాణెం ఎంత బాగుందో చెప్పే మాట కాదు, ఎలా తయారైందో చెప్పే మాట. ప్రత్యేకంగా సిద్ధం చేసిన అచ్చులు, ఏరి శుభ్రం చేసిన బిళ్ళలు, మామూలు యంత్రం మీద కాకుండా పతకాలు కొట్టే ప్రెస్ మీద నిదానంగా, గట్టిగా పడే ఒత్తిడి. ఫిలడెల్ఫియా టంకశాల 19వ శతాబ్దంలో ఇలా చేసిన బంగారు ప్రూఫుల అచ్చుల్లో ఖాళీ జాగాని అద్దంలా మెరుగు పెట్టేది. ఆ ఖాళీ జాగానే సేకర్తలు ఫీల్డ్ అంటారు. అచ్చు మెరుగు నాణేనికి దిగుతుంది. బొమ్మ తెల్లటి నురగలా, చుట్టూ ఫీల్డ్ నల్లటి నీళ్ళలా కనిపించే ఆ పాత లిబర్టీ ప్రూఫులు అందంగానే ఉంటాయి, కాదనను. కానీ అలా మెరుగు పెట్టాలంటే ఫీల్డ్ చదునుగా ఉండి తీరాలి. అక్కడే చిక్కు వచ్చింది.

అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కి తమ దేశపు నాణేలు చూస్తే చిరాకు. పాత గ్రీకు నాణేల్లా ఉబ్బెత్తుగా, బతికున్నట్టుండే బొమ్మలు కావాలని ఆయన పట్టుబట్టి శిల్పి ఆగస్టస్ సెయింట్-గాడెన్స్‌ని ఒప్పించాడు. ఆ శిల్పి 10, 20 డాలర్ల నాణేలకి నమూనాలు చేశాడు. అవి పూర్తిగా చలామణిలోకి రావడం చూడకుండానే 1907 ఆగస్టు 3న కన్నుమూశాడు. 20 డాలర్ల నాణెం మొదటి రూపంలో ఉబ్బెత్తు ఎంతంటే, ఒక్క దెబ్బకి బొమ్మ దిగేది కాదు. కొట్టడం, కాల్చి మెత్తబరచడం, మళ్ళీ కొట్టడం. టంకశాల ప్రధాన చెక్కుడు పనివాడు చార్లెస్ బార్బర్ మొదటినుంచీ ఇది కుదరదంటూనే ఉన్నాడు. చివరికి ఉబ్బెత్తు తగ్గించాకే రోజువారీ ముద్రణ సాగింది. బార్బర్ని విలన్‌ని చేసి రాసేవాళ్ళు చాలామంది. ఆయన మొండివాడే, కానీ రోజుకి వేల నాణేలు కొట్టవలసిన మనిషి బాధ ఆయనది.

ఇందులో ఫినిష్‌కి సంబంధించిన మెలిక ఒకటుంది. ఆ రోజుల్లోనే ఫిలడెల్ఫియాకి జాన్వియే లేత్ అనే కొత్త యంత్రం వచ్చింది. శిల్పి చేసిన పెద్ద నమూనా మీద ఒక సూది నడుస్తుంటే, ఇటు ఉక్కు మీద అదే రూపం చిన్నదై చెక్కుకుపోతుంది. బొమ్మ ఒక్కటే కాదు, శిల్పి బొటనవేలితో ఫీల్డ్‌లో సరిచేసిన చిన్న ఎత్తుపల్లాలు కూడా అచ్చుకి ఎక్కేస్తాయి. అంటే ఫీల్డ్ కూడా శిల్పమే అయింది. దాన్ని చదును చేసి అద్దంలా రుద్దితే శిల్పి చేసింది చెరిగిపోతుంది. రుద్దకపోతే అద్దం రాదు. అందుకే కొత్త బంగారు నాణేలకి పాత పద్ధతి ప్రూఫులు చెయ్యడం టంకశాల వల్ల కాలేదు.

అదే 1908లో బేలా లయన్ ప్రాట్ అనే శిల్పి చేసిన రెండున్నర, 5 డాలర్ల నాణేలు వచ్చాయి. అవి మరీ విచిత్రం. బొమ్మ ఉబ్బి ఉండదు, ఫీల్డ్ కన్నా లోపలికి దిగి ఉంటుంది. విలియం స్టర్జిస్ బిగెలో అనే బోస్టన్ కళాభిమాని ఈజిప్టు పాత రాతి చెక్కడాలు చూసి ఇచ్చిన ఆలోచన అది. ఫిలడెల్ఫియా నాణేల వర్తకుడు శామ్యూల్ చాప్‌మన్ వీటిని చూసి రూజ్‌వెల్ట్‌కి ఘాటుగా ఉత్తరం రాశాడు: పల్లాల్లో మురికి చేరి రోగాలు వ్యాపిస్తాయి, దొంగ నాణేలు తేలికవుతాయి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా నిలబడవు. నాణేల చరిత్రలో ఇంత కోపంతో ఆహ్వానం అందుకున్న బొమ్మలు తక్కువ. ఇవాళ వాటిని చూస్తుంటే ఆ ఉత్తరం ఎందుకు రాశాడో నాకు అర్థమవుతుంది గాని, మనసొప్పదు.

అద్దం కుదరదు కాబట్టి టంకశాల పతకాల వైపు చూసింది. యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్సులో, అప్పటికి పతకాల శిల్పులు మెరుపు మానేసి మాట్ వైపు వెళ్ళారు. మెరుపు ఉంటే వెలుగు తిరిగి కంట్లో కొడుతుంది, వంపులు కనిపించవని వాళ్ళ వాదన. ఫిలడెల్ఫియాలో కొట్టిన బంగారు ప్రూఫు మీద సన్నటి ఇసుకని గాలి ఒత్తిడితో చిమ్మారు. శాండ్‌బ్లాస్ట్ అంటే ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ కాలపు లింకన్ సెంట్లలో, బఫెలో నికెళ్ళలో (5 సెంట్ల నాణేల్లో) కూడా మాట్ ప్రూఫులున్నాయి. కాని వాటికి ఇసుక పట్టించింది అచ్చులకి. ఒక అచ్చు గరుకైతే దాంట్లోంచి వచ్చిన ప్రతి నాణేనికీ అదే గరుకు. బంగారం సంగతి అది కాదు. ఒక్కో నాణేన్నీ కొట్టిన తరవాత, విడివిడిగా ఇసుక ధార కింద పెట్టారు. ఆ రోజు ఇసుక ఎంత సన్నం, ధార ఎంత జోరు, పనివాడి చెయ్యి ఎంతసేపు ఆగింది, ఇవన్నీ ఆ నాణెం మీద ఉండిపోయాయి. అందుకే ఏ రెండు బంగారు మాట్ ప్రూఫులూ అచ్చంగా ఒకలా ఉండవు. అచ్చు చేసిన పని ఒకటైతే, దానిమీద మనిషి చెయ్యి చేసిన పని ఇంకొకటి.

రంగు గురించి నాకు చాలాకాలం అనుమానం ఉండేది. నూటికి 90 పాళ్ళు బంగారం, 10 పాళ్ళు రాగి. మామూలు నాణేనిదీ అదే పాళ్ళు. మరి ఇది ఎందుకింత ముదురు? మాస్టారే చెప్పారు. "బంగారు గిన్నె చూశావా? బయటివైపు పసుపు, లోపలివైపు ఎరుపు తిరుగుతుంది. లోపల వెలుగు గోడ నుంచి గోడకి కొట్టుకుని వస్తుంది, కొట్టుకున్నప్పుడల్లా రంగు ముదురుతుంది. నీ నాణెం మీద కొన్ని లక్షల గిన్నెలున్నాయి." ఇసుక చేసిన ప్రతి గుంటా ఒక గిన్నే. నాణెం రంగు మారలేదు. దాని మీద పడ్డ వెలుగు ఎక్కువ దూరం ప్రయాణం చేసి వస్తోంది, అంతే.

1908 నాణేలు బయటికి రాగానే సేకర్తలు గోల చేశారు. నల్లగా ఉన్నాయి, బంగారంలా లేవు, మాకు పాత అద్దం ప్రూఫులే కావాలి అన్నారు. టంకశాల దిగివచ్చింది. 1909, 1910లలో రోమన్ ఫినిష్ అని ఇప్పుడు మనం పిలిచే పద్ధతి వచ్చింది. పతకాల ప్రెస్ మీద కొత్త అచ్చులతో కొట్టి, ఆ తరవాత ఇసుకా లేదు, రుద్దడమూ లేదు, ఎలా వచ్చిందో అలా వదిలేయడమే. పట్టు చీర మడత మీద ఉండేలాంటి నిగారింపు, లేత పసుపు. దానికీ తిట్లే. చలామణి నాణేనికీ దీనికీ తేడా ఏముంది, డబ్బులెందుకివ్వాలి అన్నారు. 1911లో టంకశాల మళ్ళీ శాండ్‌బ్లాస్ట్‌కే వెళ్ళి 1915 దాకా అలాగే చేసింది. అక్కడితో బంగారు ప్రూఫుల తయారీ ఆగింది. 1936లో ఐదు, పది సెంట్ల వంటి చిన్న నాణేలకి ప్రూఫులు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా, మొదట వచ్చిన సెంట్లు, నికెళ్ళు పట్టులా మసకగా ఉన్నాయని అదే గోల. ఆ ఏడాదే అద్దం మెరుపుకి మార్చేశారు.

కొనేవాళ్ళు ఎంత తక్కువంటే లెక్కలు చూడండి. 20 డాలర్ల డబుల్ ఈగిల్ ప్రూఫులు 1908లో 101, 1909లో 67, 1913లో 58, 1915లో 50. ఎనిమిదేళ్ళకీ కలిపి 687. 10 డాలర్లవి 1914లో 50 మాత్రమే. చేసినవన్నీ అమ్ముడుపోయాయనీ కాదు. కొన్ని తిరిగి మూసలోకే వెళ్ళాయి. 1910 రెండున్నర డాలర్లకి 682 అని పుస్తకాల్లో లెక్క ఉంది గాని, ఆ లెక్కకి తగ్గట్టు నాణేలు ఎక్కడా కనబడవు. అసలు ఇవి అరుదు కావడానికి కారణం టంకశాల తక్కువ చెయ్యాలనుకోవడం కాదు. ఎవరికీ అక్కరలేకపోవడం. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. శిల్పం గురించి ఒక దేశాధ్యక్షుడు, ఒక గొప్ప శిల్పి, ఒక మొండి పనివాడు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్న తరవాత, ఆ శిల్పాన్ని అన్నిటికన్నా బాగా చూపించే నాణెం చేతికొస్తే, నాణేలంటే ప్రాణం పెట్టేవాళ్ళే అది మెరవలేదని వద్దన్నారు.

ఎందుకు బాగా చూపిస్తుందంటున్నానో చెప్తాను. అద్దం వెలుగుని ఒక్క దిక్కుకే పంపుతుంది. మీ కన్ను ఆ దిక్కులో ఉంటే తెల్లటి మంట, లేకపోతే నలుపు. రెంటికీ మధ్య ఏమీ లేదు. సెయింట్-గాడెన్స్ లిబర్టీ కొండ రాయి మీద కాలు పెట్టి ముందుకి వస్తుంటుంది. గాలికి బట్ట వెనక్కి లాగి మోకాలికి అంటుకుని ఉంటుంది. ఆ బట్ట ముడతల్లో ఎత్తు ఎంత కొద్దిగా మారుతుందంటే, వేలితో తడిమినా తెలియదు. ఆ కొద్ది మార్పుల్ని చూపేది నలుపూ తెలుపూ కాదు, మధ్యలో ఉండే రకరకాల నీడలు. గరుకు పైభాగం వెలుగుని అన్ని దిక్కులకీ కొంచెం కొంచెంగా పంచుతుంది కాబట్టే ఆ నీడలు నిలుస్తాయి. ఇంగ్లండులో రాయల్ మింట్ 20వ శతాబ్దంలో కొన్ని నాణేలని ప్రత్యేకంగా మాట్ చేసింది ఫొటోలు తియ్యడానికే. ఫొటోగ్రాఫరుకి తెలిసిన సంగతి సేకర్తకి తెలియకపోవడమే నా బాధ.

ఇప్పుడు నా సొంత దెబ్బ గురించి చెప్పాలి, ఎందుకంటే వాదనంతా అక్కడే పుట్టింది. ఆరేళ్ళ కింద ఒక వేలంలో 1911 నాటి 5 డాలర్ల మాట్ ప్రూఫ్ ఫొటో చూసి కొన్నాను. స్లాబ్ మీద 66. ఆ ఏడు 139 చేశారు, 66 అంటే 70కి బాగా దగ్గర. ఫొటోలో మచ్చ లేదు. మూడేళ్ళ పొదుపు అందులో పెట్టాను. పార్సెల్ వచ్చిన సాయంత్రం బల్ల మీద దీపం దించి చూశాను. నాణెం మీది ఇండియన్ (అమెరికా ఆదివాసి) ముక్కుకి ఎదురుగా, ఫీల్డ్‌లో, బియ్యపు గింజంత పొడుగున ఒక గీతలా తళుక్కుమంది. దీపం ఇటు తిప్పితే మాయం, అటు తిప్పితే మళ్ళీ. ఎవరో ఎప్పుడో బొటనవేలు ఆనించి జరిపారు. లేదా ఒక కాగితపు కవరులోకి ఏటవాలుగా తోశారు. ఫొటో తీసినవాళ్ళు వెలుగు నెత్తిమీంచి వేశారు. ఆ కోణంలో ఆ గీత లేదు.

మాట్ నాణెం మీద ఏది తగిలినా జరిగేది ఒక్కటే. ఇసుక చేసిన పలకల మొనలు నలిగి చదునైపోతాయి, చదునైన చోట మెరుస్తుంది. తిరిగి గరుకు చెయ్యడానికి మందు లేదు. చెయ్యాలని చూసేవాళ్ళు ఉన్నారు, అది ఇంకా పెద్ద మచ్చ. ప్రాట్ నాణేలకి ఈ ప్రమాదం రెట్టింపు. మామూలు నాణెంలో ముందు అరిగేది చెంప, జుట్టు, ఎత్తుగా ఉన్న భాగాలు. ఫీల్డ్ కింద దాక్కుని ఉంటుంది, చుట్టూ ఎత్తుగా లేచిన అంచు దానికి కాపలా. ప్రాట్ నాణేనికి అలాంటి అంచు లేదు. బొమ్మ పల్లంలో భద్రంగా ఉంటుంది, ఫీల్డ్ మాత్రం బయటికొచ్చి నిలబడుతుంది. అంటే ఎక్కడ ఏ దాపూ లేదో, అక్కడే ఆ సున్నితమైన గరుకు ఎక్కువ జాగా పరుచుకుని ఉంది. వందేళ్ళు దాటినా మచ్చ పడకుండా ఒక ప్రాట్ మాట్ ప్రూఫ్ మన చేతికొచ్చిందంటే, మధ్యలో దాన్ని పట్టుకున్న ప్రతి మనిషీ అంచు పట్టుకునే ఎత్తాడని అర్థం. అయిదారు తరాల జాగ్రత్త అది. ఒకళ్ళు తప్పినా చాలు.

గ్రేడింగ్ వద్దనేంత మూర్ఖుణ్ణి కాను. 1980ల మధ్య నుంచి పెద్ద గ్రేడింగ్ సంస్థలు రాకపోయుంటే నకిలీలు ఇంకా ఎక్కువ మందిని ముంచేవి. నా గొడవ ఆ అంకెని చదివే తీరుతో. 70 మెట్ల ఆ లెక్క మెట్టు మెట్టుకీ తప్పుల్ని తీసేస్తూ పోయేది. అద్దం ప్రూఫు మీద సన్న గీతలు లెక్కపెట్టొచ్చు, తీసెయ్యొచ్చు. మాట్‌లో మంచి అంటే తప్పులు లేకపోవడం ఒక్కటే కాదు. గరుకు అంతటా ఒకే సాంద్రతతో పరుచుకుందా, ఈకల మధ్య లోతుల్లో కూడా ఇసుక చేరిందా, రంగు అంచు నుంచి మధ్య దాకా ఒక్కలా ఉందా, ఎవరూ దేంట్లోనూ ముంచలేదు కదా. ఇవి అంకెలో పట్టవు. ఒక చిన్న తళుకు ఉన్న 66కీ, తళుకే లేక అంచున ఒక చిన్న దెబ్బ ఉన్న 64కీ మధ్య నేను రెండోదే తీసుకుంటాను, రెండు మెట్ల ధర తేడా నాకు మిగలడం వేరే లాభం. ఇది ధర కోసం అనే మాట కాదు. అంచున దెబ్బ నాణేనికి తగిలింది. తళుకు శిల్పానికి తగిలింది.

దీనికి ఒక మిత్రుడు ఎప్పుడూ చెప్పే అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. "నువ్వు హాలుకెళ్ళి దీపం కింద చూస్తావు. వెయ్యి మైళ్ళ అవతల ఉన్నవాడు ఏం చెయ్యాలి? వాడికి అంకె తప్ప ఏముంది?" నిజమే. అందుకే నేను అమ్మేవాళ్ళని అడిగేది అంకె మార్చమని కాదు, ఫొటో మార్చమని. నెత్తిమీద వెలుగుతో ఒకటి, ఎడమ పక్కనుంచి నేలబారుగా ఒకటి, కుడి పక్కనుంచి ఒకటి. మూడు ఫొటోలు. అడిగితే ఇప్పుడు చాలామంది పంపిస్తున్నారు కూడా. పంపడానికి ఇష్టపడనివాళ్ళ దగ్గర నేను మాట్ నాణెం కొనను, స్లాబ్ మీద ఏమున్నా సరే.

నకిలీల సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు నాణెం తీసుకుని ఇసుక కొట్టి మాట్ ప్రూఫ్ అని అమ్మే ప్రయత్నాలు పాతకాలం నుంచీ ఉన్నాయి. గరుకు కింద ఏముందో చూడాలి. చలామణి నాణేలు సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకుని చిన్న గాట్లు పడతాయి. ఇసుక కొడితే ఆ గాటు పోదు, గాటు అడుగున కూడా గరుకు కనిపిస్తుంది. ప్రూఫ్ అయితే గరుకు కింద నాణెం శుభ్రంగా ఉంటుంది, అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, ఈకల చివర్లు, చిన్న అక్షరాలు పూర్తిగా దిగి ఉంటాయి. ప్రూఫుగా పుట్టిన తరవాత ఏదైనా తగిలితే ఆ గాటు అడుగు మెరుస్తుంది. ఏది ముందు, ఏది తరవాత అన్నదే ప్రశ్న. పెద్ద నాణేల పక్క అంచు కూడా చూడండి: 10 డాలర్ల అంచు మీద 1911 దాకా 46 నక్షత్రాలు, అరిజోనా, న్యూ మెక్సికో కలిశాక 1912 నుంచి 48. అది నకిలీ పట్టడానికి పెద్దగా పనికిరాదు గాని, నాణెం వేలి మధ్య తిప్పుతూ దేశం పెరగడం లెక్కపెట్టడం నాకిష్టం.

కొత్తగా వచ్చేవాళ్ళు, నాణేల షోలలో కుర్రాళ్ళు, రివర్స్ ప్రూఫుల గురించి అడుగుతుంటారు. 2006లో అమెరికా టంకశాల గోల్డ్ ఈగిల్ అనే ఈ కాలపు బంగారు నాణేల 20 ఏళ్ళ సందర్భంగా మూడు నాణేల సెట్టులో ఒకటి అలా చేసింది. బొమ్మ అద్దం, ఫీల్డ్ నురగ, అంటే పాత ప్రూఫుని తిరగేసినట్టు. 10,000 సెట్లు. తరవాత 2013లో గోల్డ్ బఫెలో కూడా అలాగే వచ్చింది. నేను మొదలుపెట్టింది వాటితోనే, 2013 బఫెలో చూసి ఆశ్చర్యపోయాను కూడా. ఆ మెరుగంతా పని తెలిసినవాళ్ళ చేతిలోంచి వచ్చింది, అందులో సందేహం లేదు. అయినా కొన్నాళ్ళకి నాకొకటి అర్థమైంది. ఆ ఫినిష్ బొమ్మ కోసం పుట్టలేదు, బొమ్మకి అది తప్పనిసరీ కాదు. అదే బొమ్మని ఆ పక్కనే మామూలు ప్రూఫుగా, ఇంకో రకంగా కూడా అమ్మారు. అరుదు అనేది ముందే నిర్ణయించి చేశారు. 2009లో సెయింట్-గాడెన్స్ మొదటి ఉబ్బెత్తు రూపాన్ని మళ్ళీ కొట్టినప్పుడు మాత్రం నేను సంతోషపడ్డాను. లక్షా 14 వేలకి పైగా చేశారు, అరుదు కాదు. కాని ఆ ఉబ్బెత్తుకి తగ్గ ఫినిష్ ఏది అని ఎవరో ఆలోచించినట్టు కనిపించింది. 1908లో ఫినిష్ ఒక చిక్కుకి దొరికిన జవాబు. సేకర్తగా నేను వెతికేది ఆ జవాబునే.

ఆ 1911 నాణెం ఇప్పుడు నా దగ్గర లేదు. ఉన్నది 1912 నాటి రెండున్నర డాలర్లు. ఆ ఏడు 197 చేశారు. 18 మిల్లీమీటర్ల అడ్డం, 4 గ్రాములు దాటి కొంచెం. స్లాబ్ మీద 64. ఎనిమిది గంటలు కారు నడిపి వెళ్ళి, దీపం కింద చూసి, పక్క గదిలో రాత్రి పడుకుని, పొద్దున్నే మళ్ళీ చూసి కొన్నాను. ఒక కొత్త కారు ధర అది, నా భార్య లెక్కలో మా రెండో కారు ఇంకా రాకపోవడానికి కారణం. తను ఒక్కసారే అడిగింది, "దీంట్లో మీకు ఏం కనపడుతుందండీ?" అని. లైటార్పి, బల్ల మీది దీపం దించి, స్లాబ్‌ని తన చేతిలో పెట్టి, దీపం మెల్లిగా కదిపాను. ఇండియన్ కణత దగ్గర, ఈకల పట్టీ కింద, జుట్టు పాయ ఒకటి వెలిగి ఆరింది. తను దీపం నా చేతిలోంచి తీసుకుని తనే కదిపింది. ఆ తరవాత మళ్ళీ ఆ ప్రశ్న వెయ్యలేదు.

ఒక్క విషయంలో మాస్టారూ నేనూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. ఆయనకి రోమన్ ఫినిష్ అంటే ప్రాణం. "నువ్వు ఇసుకని పొగుడుతున్నావు. ఇసుక అచ్చు చెప్పిన మాట మీద ఇంకో మాట వేసింది. 1909 వాటి మీద అచ్చు మాటే ఉంది, ఒక్క పొల్లు ఎక్కువ లేదు" అంటారు. చాలాకాలం కొట్టిపారేశాను. చలామణి నాణెంలా ఉంది అని ఆనాటి సేకర్తలు అన్న మాటే నేనూ అన్నాను, అనుకోకుండానే. ఈమధ్య ఆ మాట నన్ను గుచ్చుతోంది. మెరవలేదని వద్దన్నవాళ్ళని ఇంతసేపు తప్పుపట్టినవాణ్ణి, మసకగా లేదని వద్దనడానికి నాకేం హక్కు?

వచ్చే నెల వేలంలో 1909 నాటి 10 డాలర్లు ఒకటి వస్తోంది. ఆ ఏడు చేసినవి 74. కొనే స్తోమత నాకు లేదు. మొదటి రోజు తలుపులు తెరిచే వేళకి వెళ్ళి, ఆ ఒక్క నంబరే రాసిచ్చి కూర్చుంటాను. మాస్టారు వస్తానన్నారు. ఈసారి దీపం ఆయన్నే పట్టుకోమంటాను.